ఏడాదికోసారి దగ్గు

ఛోమవ్వకు మరపన్నది లేదని ఊరంతా చెప్పుకునేది. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగి విస్తరి ముందునుంచి లేచిపోయారో, ఏ ఎద్దు ఏ గట్టు దగ్గర మొరాయించి నాగలి విరగ్గొట్టిందో, పక్కింటావిడ కొడవలి పట్టుకెళ్ళి దాన్ని ఎలాంటి మొండి అంచుతో తిరిగి తెచ్చిచ్చిందో, అడిగితే చాలు చెప్పేది. అడక్కపోయినా చెప్పేది. ఆవిడ జ్ఞాపకశక్తి పుణ్యమా అని ఊళ్ళో రెండు కుటుంబాలకు ఇప్పటికీ మాటల్లేవు.

అలాంటి మనిషికి పిండాల పండుగ రాగానే దగ్గు పట్టుకునేది.

భాద్రపదం చీకటి పక్షంలో యముడు తలుపులు తీస్తాడు. ఆకలిగొన్న ప్రేతాలు బయటికొచ్చి ఏడు బౌద్ధ ఆరామాలు తిరుగుతాయి, తమవాళ్ళెవరైనా తమ పేరు పెట్టి అన్నం ముద్ద వేశారా అని. ఏడింట్లోనూ దొరక్కపోతే ఏడ్చుకుంటూ, తిట్టుకుంటూ వెనక్కి పోతాయి. అందుకని పండుగ ఆఖరి రోజు ప్రతి ఇంటి పెద్దా తమ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు చెప్పాలి. పూజలు చేయించే ముసలి ఆచార్ ఆ పేరును మైకులో అంటాడు. మైకు లోంచి స్పీకర్లోకి, స్పీకర్లోంచి వరిచేల మీదికి, అక్కణ్ణుంచి ఆ లోకానికి. పేరు పెట్టని ముద్ద ఎవరి నోట్లో పడుతుందో బుద్ధుడికే తెలియాలి.

"మా అమ్మ యిన్," అనేది ఛోమవ్వ. ఆచార్ "యిన్" అనేవాడు. "మా ఆయన సారిన్." ఆచార్ "సారిన్" అనేవాడు. తర్వాత దగ్గు. చిన్న దగ్గు కాదు, పేగులు పైకి వచ్చేంత దగ్గు. ఆచార్ కాసేపు చూసి, మైకు పక్కింటివాళ్ళ వైపు తిప్పేవాడు. ఆయనకు చెవుడు. ఒక ఏడాది ఆ దగ్గు కూడా పేరే అనుకుని మైకులో తనూ దగ్గాడని పిల్లలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

కూతురు సారూమ్ ప్రతి పండుగకూ ముందే నిమ్మరసంలో తేనె కలిపి సీసాలో పోసి తెచ్చేది. అమ్మ ఏడుపు దాచుకోవడానికి దగ్గుతోందని ఆమె అనుకునేది. అసలు సంగతి పట్టుకున్నది మనవరాలు థీడా. ఆ పిల్లకు పదహారేళ్ళు. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారికీ తనకూ ఒకరంటే ఒకరికి పడక బడి మానేసి, తల్లితోపాటు కూడలిలో అరటికాయ వేపుడు అమ్ముతోంది. చదువు అబ్బలేదు గానీ, తనకు అక్కర్లేని సంగతి ఏదీ ఆ పిల్ల కంట పడకుండా పోదు.

"అవ్వా, నీ దగ్గుకి మైకంటే అంత ఇష్టమా?" అంది ఒకరోజు, పండుగ ఇంకా నెల రోజులుందనగా. అవ్వ చిన్న రోట్లో తాంబూలం దంచుకుంటోంది.

"ముసలిదాన్ని. ఎప్పుడొస్తే అప్పుడు దగ్గుతాను. నీకేం?"

"ఎప్పుడొస్తే అప్పుడు కాదు. మూడో పేరు దగ్గరే. మూడేళ్ళనుంచి చూస్తున్నా."

దంపుడు ఆగిపోయింది. అవ్వ మెడ సాచి నిచ్చెన వైపు చూసింది.

"కింద ఎవరైనా ఉన్నారేమో చూడు, కోతీ."

గుంజల మీద ఎత్తుగా కట్టిన ఇంటి కింద కోళ్ళు తప్ప ఎవరూ లేరు. అప్పుడు చెప్పింది. సారూమ్ తర్వాత తనకో కొడుకు ఉండేవాడని, ఆ కాలంలో పోయాడని. అంతవరకు థీడాకు తెలుసు. 'ఆ కాలం' అంటే ఊళ్ళో ఎవరూ విడమర్చి చెప్పరు. పట్నాలన్నీ ఖాళీ చేయించి జనాన్ని పొలాల్లోకి తోలి, గంజి పోసి కాలవలు తవ్వించిన కాలం. తెలియనిది తర్వాతి మాట.

"వాడి పేరు నాకు గుర్తులేదే."

ఆ మాట పైకి అనడం ఛోమవ్వకు అదే మొదటిసారి. అన్నాక తాంబూలం రోలు ఒళ్ళోకి తీసుకుని అందులోకే చూస్తూ కూర్చుంది. ఇంట్లో అందరూ వాణ్ణి చిన్నోడనేవాళ్ళు. సారూమ్‌కు తమ్ముడంటే చిన్నోడే. అసలు పేరు పిలిచింది వాళ్ళ నాన్నొక్కడు. ఆయన పోయాడు, ఆయన తరఫువాళ్ళంతా పోయారు, ఫోటోలు పట్నం ఇంట్లోనే ఉండిపోయాయి. చిన్నోడని పిలిస్తే సరిపోదా అని ఒకసారి ఆచార్‌ను వేరెవరి సంగతో అన్నట్టు అడిగి చూసింది. "ఆ లోకంలో చిన్నోళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసా?" అన్నాడాయన.

ఈ వేసవిలో వైద్యుడు ఆవిడ గుండె విని మొహం అదోలా పెట్టాడు. అప్పట్నుంచీ కలలో పిల్లవాడు గుమ్మంలో నిలబడుతున్నాడు. ఖాళీ గిన్నె పట్టుకుని, లోపలికి రాకుండా, పిలిస్తేనే వస్తానన్నట్టు.

"నేను పోతే వాణ్ణి పిలిచే మనిషే ఉండదు. ఈసారి పిలవాలి," అంది అవ్వ.

పున్నమికీ అమావాస్యకూ పట్నం నుంచి బొఫా అనే అమ్మాయి ఆరామానికి వచ్చేది. ఆ కాలం చూసిన ముసలివాళ్ళతో కూర్చుని మాట్లాడడం ఆమె ఉద్యోగం. మనసు గురించి చదువుకున్నదట. థీడా మొదట బిస్కెట్ల కోసం వెళ్ళేది. ఈసారి పని మీద వెళ్ళింది. నాకు తెలిసిన ఒకావిడ కన్నకొడుకు పేరు మర్చిపోయింది, పిచ్చా అని అడిగింది. బొఫా నవ్వలేదు, ఆ ఒకావిడ ఎవరనీ అడగలేదు. పిచ్చి కాదు, మరపుకు కారణాలుంటాయి అంది. నడవని దారికి గడ్డి మొలిచినట్టు, తలుచుకోని మాట మాసిపోతుంది అంది.

థీడా ఆ మాట మోసుకుని ఇంటికి పరిగెత్తింది. అవ్వ ఒప్పుకోలేదు.

"మీ తాత చెప్పు ఏ వంతెన మీద తెగిందో నాకు గుర్తుంది. దాన్ని నేను రోజూ తలుచుకుంటానా?"

థీడా మళ్ళీ బొఫా దగ్గరికి వెళ్ళింది. ఒక్కోసారి ఒకదాని మీద ఒకటి పడి, కింది వస్తువు అందకుండా పోతుంది, ఆ రోజుల్లో చాలామంది పేర్లు మార్చుకున్నారు కదా అంది బొఫా. ఈసారి అవ్వ కాదనలేదు. నిజమే, వాళ్ళూ మార్చుకున్నారు. తాత పట్నంలో బడిపంతులు. చదువుకున్నవాడంటే బతకనివ్వరని తెలిసి, ఊరు విడిచే దారిలో కళ్ళజోడు మామిడిచెట్టు కింద పాతిపెట్టి, నలుగురూ రైతుల పేర్లు పెట్టుకున్నారు. పిల్లలకు దారి పొడుగునా వల్లె వేయించింది తనే. తప్పు చెబితే తాటిమట్టతో కాళ్ళ మీద కొట్టింది.

"నేను రెత్‌ని. మీ తాత పొన్న్. మీ అమ్మ సావ్," అని అవ్వ గడగడా చెప్పింది. తర్వాత దగ్గు వచ్చింది.

థీడా నిమ్మరసం అందించింది. ఈ దగ్గు కొత్త చోట వచ్చిందని గమనించింది గానీ, ఎంత కోతి అయినా అప్పుడు ఏమీ అనలేదు.

తలుచుకుంటే రాని పేరు వింటే తడుతుందని బొఫా చెప్పిన మర్నాటినుంచి, థీడా బడిలో హాజరు పిలిచినట్టు పిలవడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టి, ఊళ్ళో పొరుగూళ్ళో ఉన్న మగపిల్లల పేర్లన్నీ, అరటికాయలు నూనెలో వేస్తూ, తీస్తూ. అవ్వ మూకుడు పక్కన కూర్చుని "కాదు" అనేది. "కాదు. కాదు. వాడు పందుల దొంగ, అసలే కాదు." సాయంత్రానికి కూడలిలో కబురు పాకిపోయింది, ఛోమవ్వ మనవరాలికి సంబంధాలు చూస్తోంది, ఒక్కడూ నచ్చడం లేదని.

ఒక్క పేరూ తగల్లేదు. కానీ బొఫా ఆ సంగతి విని నిటారుగా కూర్చుంది. కాదని అంత గట్టిగా చెప్పగలుగుతోందంటే అవునన్నది లోపలెక్కడో ఉన్నట్టే అంది. భరించలేని సంగతి ఒకటి ఆ పేరును అంటిపెట్టుకుని ఉంటే మనిషి తనకు తెలియకుండానే తలుపుకు అడ్డంగా కూర్చుంటుంది అంది. ఏళ్ళ తరబడి తోసేసి తోసేసి, చివరికి కావాలన్నా దొరకని చోటికి తోసేస్తుంది అంది.

"నువ్వే తలుపుకి అడ్డం కూర్చున్నావట అవ్వా. కాస్త జరగమంటోంది," అంది థీడా.

అవ్వ అరటితొక్కలు తీసి మొహాన కొట్టింది.

పండుగ మొదలైంది. ఆరామంలో తెల్లవారుజామున నువ్వులు కలిపిన అన్నం ముద్దలు విసరడం మొదలైంది. అవ్వ అన్నం తినడం తగ్గించింది. వాడు తినకుండా తిరుగుతుంటే తనకెలా దిగుతుందంది. అది చూడలేకపోయిందో, లేక కోతి బుద్ధే పైకొచ్చిందో, థీడా ఒక పొద్దున పక్కమీంచి లేస్తూనే, "అవ్వా, రాత్రి నువ్వో పేరు కలవరించావు. విసాల్," అంది.

ఛోమవ్వ ముడుతలన్నీ విచ్చుకున్నాయి. విసాల్, విసాల్ అని నోట్లో బెల్లంముక్కలా తిప్పుకుంది. మధ్యాహ్నానికి ఆ పేరు తాత ఎలా పెట్టాడో గుర్తొచ్చింది. పొద్దు వాలేసరికి ఏ భిక్షువు నీళ్ళు చల్లి దీవించాడో కూడా గుర్తొచ్చింది. తను అల్లిన అబద్ధానికి కాళ్ళూ చేతులూ మొలుస్తుంటే థీడా అవ్వ మొహంలోకి చూడ్డం మానేసింది. దాహంతో ఉన్న మనసు ఏ నీళ్ళు పోసినా తాగేస్తుంది, జాగ్రత్త అని బొఫా చెప్పనే చెప్పింది. ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక తిరుగుతుండగా, ఐసు బండి కుర్రాడు కూడలిలో ఆగాడు. వాడు ఆగడానికి కారణం థీడాయేనని కూడలికంతటికీ తెలుసు.

"విసాల్, ఈసారైనా కరగని ముక్క ఇవ్వరా," అని కేకేసింది సారూమ్.

అవ్వ ఐసు బండి వైపు చూసింది. మనవరాలి వైపు చూసింది. తిడుతుందనుకున్న థీడా తల వంచుకుని నిలబడింది. తిట్లు రాలేదు.

"ఎవరి బిడ్డ పేరో తెచ్చి నా బిడ్డకి తొడుగుతావా," అంది అవ్వ మెల్లగా. మనవరాలి మీంచి చూపు తిప్పుకుని, "పోన్లే. నేను చేసిందీ అదే కదా," అంది.

ఆ తర్వాత తనే అడిగింది, రైలుపట్టాల అవతల ఒక చోటుందని, అక్కడికి తీసుకెళ్ళమని. ఆ వైపు అవ్వ ఎప్పుడూ వెళ్ళదు. సంతకు దగ్గర దారి అదే అయినా చుట్టుతిరిగి పోతుంది.

థీడా మర్నాడు తండ్రి మోటారుసైకిలు మీద అవ్వను ఎక్కించుకుని, గళ్ళ తుండుగుడ్డతో తన నడుముకు కట్టుకుని తీసుకెళ్ళింది. ఒకప్పటి బడి అది. ఆ కాలంలో ఆసుపత్రి అని పేరు పెట్టారు. ఇప్పుడు గోడలు కూడా లేవు, సిమెంటు కళ్ళం మీద కర్రపెండలం ముక్కలు ఎండుతున్నాయి. ఇద్దరాడవాళ్ళు దంతెలతో తిరగేస్తున్నారు. పులిసిన వాసన. అవ్వ చెప్పులు విడిచి కళ్ళం అంచున నిలబడింది, గుడిలోకి అడుగుపెట్టేదానిలా.

"చాపలు ఇలా వరసగా ఉండేవి," అంది. "వాడిది ఆ మూల."

ఎండ మండిపోతోంది. ఆ నిశ్శబ్దం పట్టలేక థీడా తనకు తెలిసిన పనే మొదలుపెట్టింది. ఆఖరి అక్షరాల్లో మిగిలిపోయిన పేర్లు, ఒకటి, ఇంకొకటి. మూడోది నోట్లో ఉండగానే అవ్వ చెయ్యి వచ్చి నోటి మీద పడింది. చిన్న చెయ్యే, ఎముకలే, కానీ దవడలు నొక్కుకుపోయాయి. అవ్వ కళ్ళు థీడాను చూడడం లేదు. థీడా భుజం మీదుగా ఎవరినో, ఒక్క మనిషినే చూస్తున్నాయి.

దంతె చప్పుడు ఆగింది. అప్పుడు అవ్వ తన చేతిని చూసుకుని తీసేసింది. కళ్ళం గట్టు మీద కూలబడి చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆ చేతిని రెండో చేత్తో పట్టుకునే ఉంది.

అప్పటికి తాతను తీసుకుపోయి చాలా రోజులైంది. పిల్లాడికి కాళ్ళు వాచిపోయాయి. అవ్వ కాలవ పని నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా అనుమతి తీసుకుని, కాల్చిన కప్పను తుండులో దాచుకుని వచ్చింది. వాడు తినలేకపోయాడు. మందులిచ్చే పిల్ల పక్క చాప దగ్గరే ఉంది. పద్నాలుగేళ్ళుంటాయేమో. ఎవరు ఎవరి కొడుకో, ఎవరు ఏ పేరు పలుకుతున్నారో వినడం కూడా దాని పనే. సారూమ్ అప్పుడు పిల్లల దళంలో ఉంది. పేర్లు మార్చుకున్నారనీ తండ్రి బడిపంతులనీ బయటపడితే సారూమ్‌నూ బతకనివ్వరు.

"వాడు నన్ను చూసి, 'అమ్మా, నా పేరేంటి' అన్నాడు," అంది అవ్వ. "ఖ్మావ్ అన్నాను. ఖ్మావ్ అంటే నల్లోడు, రైతుబిడ్డలా ఉంటుందని నేను పెట్టిన పేరే. 'అది కాదు, నాన్న పెట్టింది. మర్చిపోయాను, ఒక్కసారి చెప్పవా' అన్నాడు. ఆ పిల్ల తల తిప్పింది. వాడు మళ్ళీ అడగబోయాడు. నోరు మూసేశాను."

థీడా ఎంతసేపని అడగలేదు. అవ్వే చెప్పింది.

"ఆ పిల్ల వెళ్ళేదాకా. చెయ్యి తీశాక, నీ పేరేంట్రా అని నేనే అడిగాను. ఖ్మావ్ అన్నాడు. మంచి పిల్లాడు. చెప్పిన మాట వినేవాడు."

గంట కొట్టారు. అవ్వ పనికి వెళ్ళింది. పొద్దున కాలవకు పోతూ తొంగిచూస్తే చాప మీద వేరే పిల్లాడున్నాడు. ఆ రోజుల్లో ఏడ్చినవాళ్ళనూ తీసుకుపోయేవారు కాబట్టి ఏడవలేదు. పేరు నాలుక చివరికి వచ్చినప్పుడల్లా మింగేసింది. మన్ను తట్ట ఎత్తినప్పుడల్లా వచ్చేది, మింగేది. ఎప్పుడో ఒకనాడు రావడం మానేసింది. మానేసినందుకు ఆ రోజు ప్రాణం హాయిగా ఉందని కూడా చెప్పింది.

తిరిగి వచ్చే దారి పొడుగునా అవ్వ ఆ పేరు కోసం కాచుకునే ఉంది. అంతా చెప్పేసింది కదా, ఇక రావాలి కదా. పట్టాలు దాటాక, వంతెన దాటాక, ఇంటి నిచ్చెన ఎక్కేటప్పుడు కూడా ఒక మెట్టు మీద ఆగి చూసింది. రాలేదు. థీడా బొఫాను పట్టుకుని దాదాపు పోట్లాడింది, తలుపు తీస్తే ఉంటుందన్నావు కదా అని. ఉండొచ్చన్నాను అంది బొఫా. ఒక్కోసారి తలుపు తీసేసరికి గదిలో ఏమీ మిగలదు, అబద్ధం చెప్పలేను అంది. ఆ మాట థీడా ఇంటికి మోసుకుపోలేదు.

పండుగ ఆఖరి రోజు ఆరామం హాల్లో కాలు పెట్టే చోటు లేదు. అగరొత్తుల పొగ, అరటాకుల్లో చుట్టిన తియ్యటి అన్నం వాసన, పిల్లల ఏడుపులు. అవ్వ తెల్లచొక్కా వేసుకుని ఆచార్ ఎదుట మోకాళ్ళు మడిచి కూర్చుంది. వెనకాల సారూమ్ సీసా మూత తీసి పట్టుకుంది.

"మా అమ్మ యిన్."

"యిన్," అన్నాడు ఆచార్.

"మా ఆయన సారిన్."

"సారిన్," అని, అలవాటు కొద్దీ ఆచార్ మైకు పక్కింటివాళ్ళ వైపు తిప్పాడు. ఛోమవ్వ వంగి మైకు తీగ పట్టుకుంది. ఆయన లాగాడు. ఆవిడ వదల్లేదు.

"నా కొడుకు ఖ్మావ్," అంది. దగ్గు రాలేదు.

"ఖ్మావ్," అన్నాడు ఆచార్. స్పీకర్లోంచి ఆ మాట చేల మీదికి పోయింది.

సారూమ్ చేతిలో సీసా ఒరిగి చాప తడిసింది. ఆ పేరు ఆమె వింటున్నది చిన్నప్పటి తర్వాత ఇప్పుడే. తల్లి వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

ముద్దలు ఆరామం గోడ వెంట పెట్టి వస్తుంటే థీడా ఉండబట్టలేక అడిగింది.

"అది అసలు పేరు కాదు కదా అవ్వా?"

"కాదు."

"నీకది ముందునుంచీ గుర్తే కదా? ఇన్నేళ్ళూ దాని మీద కూడా దగ్గావు కదా?"

"ఆ పేరు మళ్ళీ పలికితే మళ్ళీ వాడి నోరు మూసినట్టే అనుకున్నానే," అంది అవ్వ. "కానీ నేను వాడికి చెప్పిన ఆఖరి మాట అదే. వాడు నా మాట వినేవాడు. వేరే పేరు పెట్టి పిలిస్తే వాడికేం తెలుస్తుంది? ఆ పేరు కోసమే చెవులు రిక్కించుకుని తిరుగుతుంటాడు. నేనే పిలవలేదు."

గోడ దగ్గర అప్పటికే చీమలు పట్టాయి. ఒక ఊరకుక్క ఆ చివర్నుంచి వరసగా తింటూ వస్తోంది. థీడా రాయి తీసింది. అవ్వ వద్దంది, ఎవరు ఏ రూపంలో వచ్చారో అంది. ఇంటికి పోయే దారిలో లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. అవ్వకు నిజంగానే దగ్గు వచ్చింది. సీసాలో ఏమీ మిగల్లేదు.

అసలు పేరు ఆ తర్వాత కూడా రాలేదు. గుమ్మంలో పిల్లాడు మళ్ళీ కనిపించాడా అని థీడా అడిగితే, కనిపిస్తే నీకు చెబుతానా, మళ్ళీ ఐసు బండివాడి మొహం తగిలిస్తావు అనేది. మరుసటి ఎండాకాలంలో ఛోమవ్వ పోయింది. ఆఖరి రోజుల్లో చాలా మర్చిపోయింది, కొడవలి సంగతి కూడా.

ఆ ఏడు పండుగకు, సారూమ్ ముందుకు తోస్తే, మైకు ఎదుట థీడా కూర్చుంది. యిన్ అంది, సారిన్ అంది. మూడో పేరు దగ్గరికి రాగానే ముసలి ఆచార్ అలవాటు కొద్దీ మైకు పక్కకు తిప్పబోయి, దగ్గు వినపడక ఆగి చూశాడు. "మా మామయ్య ఖ్మావ్," అంది థీడా.